మూడు రోజుల నీళ్ళు

దేశానికి మంచినీళ్ళ ప్రణాళిక రాయడానికి మేం కూర్చున్న హాల్లో ఒక్కరి ముందు కూడా కుళాయి నీళ్ళు లేవు. విజయవాడలో, బందరు రోడ్డు మీద ఒక హోటల్లో, చల్లటి గది. ప్రతి కుర్చీ ముందూ మూత తీయని సీసా ఒకటి. నీటి సరఫరాలో పండిపోయిన ఇంజనీర్లు, పరిశోధకులు, నాలాంటి కాలేజీ పంతులమ్మలు కలిసి ఇరవై మందిమి దాకా ఉన్నాం. ఆ సీసాల వంక ఎవరూ వింతగా చూడలేదు. నేనూ చూడలేదు. మంచినీళ్ళూ మురుగునీళ్ళూ ఎలా నడుస్తాయో పాతికేళ్ళకు పైగా పాఠం చెబుతున్నాను. మా ఇంట్లో తాగేది మాత్రం క్యాను నీళ్ళే.

రాబోయే ఏళ్ళలో ఈ సేవలు నిలకడగా సాగాలంటే దేశం ఏ పరిశోధనలు చేయాలి, ఏ కొత్త పద్ధతులు ప్రయత్నించి చూడాలి, అదీ మా ముందున్న పని. ఒక్కో ప్రాంతం వాళ్ళు ఒక్కో అధ్యాయం రాయాలి. డెల్టా అధ్యాయం నాకు పడింది. పడింది అంటే, మా కమిటీ అధ్యక్షులవారి చూపుడువేలు నా వైపు తిరిగింది. ఆయన నీటిపారుదలలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మాట మెత్తన, పట్టు మాత్రం గట్టిది.

"మీ తూము ప్రయోగంతో మొదలుపెట్టండమ్మా. గట్టిగా చెప్పుకోడానికి మనకున్న విజయం అదొక్కటే" అన్నారు.

చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టి, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ ప్రయోగంలో ఒక మనిషి చచ్చిపోయింది. ఎందుకు చచ్చిపోయిందో ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. ఆ సంగతి రాయాలా, అందరూ కోరుకుంటున్న విజయమే రాయాలా అన్నది తేల్చుకోడానికి నాకు వారం గడువు ఇచ్చారు.

డెల్టా శివారు ఊళ్ళ సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. అక్కడ బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడతాయి. తాగడానికి కాలువ నీళ్ళే దిక్కు. ఎండాకాలం కాలువ కట్టేస్తారు. మధ్యలో, మంచినీళ్ళ చెరువులు నింపుకోండని, కొద్ది రోజులు మాత్రం నీళ్ళు వదులుతారు. కాలువకీ ఊరి చెరువుకీ మధ్య ఒక తూము ఉంటుంది. దాని తలుపు ఎత్తేదీ దించేదీ లస్కరు. ఆ కొద్ది రోజుల్లో చెరువు నిండిందా, వానలు పడేదాకా ఊరికి బెంగ లేదు. నిండలేదా, ట్యాంకరు వెనకాల బిందెలతో పరుగులే.

నేను చెప్పే ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. నీళ్ళొచ్చాయి కదా అని లస్కరు వెంటనే తూము ఎత్తడు. మొదటి మూడు రోజుల నీళ్ళు కిందికి వదిలేస్తాడు. కాలువ ఎండినా, పైనున్న పట్నాల మురుగు ఎండదు కదా. అది కాలువ అడుగున గుంటల్లో చేరి నిలబడుతుంది. నీళ్ళు వదలగానే అన్నిటికంటే ముందు కదిలి వచ్చేది అదే. ఆ పట్నాల్లో మా పట్నమూ ఉంది. ఆ మురుగులో మా స్నానాల గది నీళ్ళూ ఉన్నాయి.

నేను మొదటిసారి వెళ్ళేనాటికి ఆ లస్కరుకి అరవై దగ్గర పడ్డాయి. సన్నటి మనిషి, మోకాళ్ళ పైకి మడిచి కట్టిన లుంగీ, రంగు వెలిసిన ఖాకీ చొక్కా. మూడు రోజులయ్యాక ఆయన ఇత్తడి చెంబుతో కాలువ నీళ్ళు ముంచి, మూత పెట్టి, ఇంటి చూరు కింద ఉంచేవారు. మర్నాడు పొద్దున మూత తీసి వాసన చూసేవారు. వాసన లేకపోతే తూము తలుపు లేచేది. ఉంటే ఇంకో రోజు ఆగేవారు.

"నాకు చదువు లేదండీ. ముక్కుందండీ" అన్నారు, ఎలా తెలుస్తుందని నేను అడిగితే.

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. నచ్చిన మాటని వెక్కిరించడం అప్పటి నా గుణం. ముక్కుతో నడిచే నీటి సరఫరా అని కాలేజీ స్టాఫ్ రూములో కథలు కథలుగా చెప్పి అందరినీ నవ్వించాను.

ఆ ఏడు పైన నీళ్ళు తక్కువ. చెరువులకి వదిలే రోజులు కూడా తగ్గిస్తారన్నారు. అందులో మూడు రోజులు ఊరికే కిందికి పోతే ఎలా? అక్కడ పుట్టింది నా ప్రయోగం. కాలువలో ఒక మీటరు పెట్టాం. నీళ్ళలో మడ్డి ఎంతుంది, ఉప్పు ఎంతుంది అని అది నిమిషం నిమిషం చూస్తుంది. రెండూ హద్దులో ఉంటే, మోటారు తిరిగి తూము తలుపు దానంతటదే లేస్తుంది. నా ఫోనుకి కబురొస్తుంది. మీటరు మంచిదే. తప్పు లెక్క చెప్పిన రోజు లేదు. అయితే మడ్డీ ఉప్పూ తెలిసినట్టు దానికి రోగం తెలియదు. తేటనీళ్ళన్నీ మంచినీళ్ళు కావని మొదటి సంవత్సరం పిల్లలకి చెప్పేదాన్ని నేనే. చెరువు తరువాత ఇసుక వడపోత ఉంది, ఆ పైన బ్లీచింగు ఉంది, ఏమవుతుందిలే అనుకున్నాను. ఈ "ఏమవుతుందిలే" అన్న మాట ఏ నివేదికలోనూ ఎవరూ రాయరు.

నీళ్ళు వచ్చిన రెండో రోజు మధ్యాహ్నానికే తలుపు లేచింది. నేను అక్కడే ఉన్నాను. జీపు నీడలో నిలబడి, పిల్లల్లాగా చప్పట్లు కొట్టాను. లస్కరు గట్టు దిగి నా దగ్గరికి వచ్చారు.

"ఎల్లుండిదాకా ఆపుకుందామండీ. ఇవి పైవాళ్ళు కడుక్కున్న నీళ్ళండీ" అన్నారు.

మీటరు మీద అంకెలు చూపించాను. గాజు గ్లాసులో నీళ్ళు పట్టి ఎండకెత్తి చూపించాను. ఆయన గ్లాసు వంక చూశారు, నా వంక చూశారు, మళ్ళీ మాట్లాడలేదు. మా వైపు పెద్దవాళ్ళు చదువుకున్నవాళ్ళకి ఏదైనా ఒక్కసారి చెబుతారు. రెండోసారి చెబితే అవతలివాళ్ళని తక్కువ చేసినట్టని ఊరుకుంటారు. నేను కూడా ఆ డెల్టా బిడ్డనే. ఆ ఊరుకోవడం ఒప్పుకోవడం కాదని నాకు తెలిసుండాల్సింది.

ఆయన కోడలు ఊళ్ళో నీటి పరీక్షలు చేసేది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. భర్త కొండపల్లి వైపు పనికి వెళ్ళి వారానికోసారి వచ్చేవాడు. ఆడవాళ్ళ సంఘం నుంచి ఈ పని కోసం చెయ్యెత్తింది తనొక్కతే. అప్పటికి కడుపుతో ఉంది, ఐదో నెల. శిక్షణ ఇచ్చింది నేను. పరీక్ష చిన్నదే. చిన్న సీసాలో మందు వేసి ఉంటుంది. అందులో చెరువు నీళ్ళు పోసి, వెచ్చటి చోట రోజున్నర ఉంచాలి. నీళ్ళలో మురుగు కలిసి ఉంటే సీసా నల్లబడుతుంది.

తూము లేచిన మూడో రోజు పొద్దున ఫోను చేసింది. నేను కాలేజీలో పేపర్లు దిద్దుకుంటున్నాను.

"మేడమ్ గారూ, సీసా నల్లబడిందండీ."

ఎక్కడ పెట్టావని అడిగాను. బియ్యం డబ్బాలో పెట్టానంది. నేను నవ్వాను. గట్టిగా, పక్క బల్ల దగ్గరున్నవాళ్ళు తలెత్తి చూసేంతగా నవ్వాను.

"బియ్యంలో పెడితే ఏమైనా అవుతుంది అమ్మాయ్. ఇంకోటి చెయ్యి, శుభ్రంగా చెయ్యి" అన్నాను.

అలాగేనండీ అంది. నేను నవ్వుతున్నానని తనూ కొంచెం నవ్వింది. ఫోను పెట్టేసి నేను పేపర్లు దిద్దుకున్నాను. మళ్ళీ ఫోను రాలేదు. రాలేదు కాబట్టి రెండోసారి సీసా తేటగానే ఉండి ఉంటుందనుకున్నాను. కనుక్కోలేదు. బియ్యం డబ్బాలో పెట్టమని శిక్షణలో చెప్పింది నేనే. ఇంట్లో ఎండ తగలని వెచ్చటి చోటేదండీ అని ఎవరో అడిగితే, మన ఇళ్ళలో బియ్యం డబ్బా కంటే ఏముందమ్మా అన్నాను. ఆ సంగతి గుర్తుకొచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

నెలన్నర పోయాక ఊళ్ళో కామెర్లు మొదలయ్యాయి. ఇంటికొకరు పడ్డారు. పసరు తాగారు, పథ్యం చేశారు, చాలామంది లేచి తిరిగారు. ఆ అమ్మాయి లేవలేదు. విజయవాడ ఆసుపత్రికి తెచ్చిన నాలుగో రోజు, కడుపులో బిడ్డతో సహా పోయింది. కామెర్లలో ఒక రకం మురుగు కలిసిన నీళ్ళ వల్ల వస్తుందనీ, తాగిన నెల పైన గాని బయటపడదనీ, నెలలు నిండుతున్నవాళ్ళనే ఎక్కువగా పొట్టన పెట్టుకుంటుందనీ నేను ప్రతి ఏడూ బోర్డు మీద రాసి చెబుతాను. చెరువు నిండాక మీటరుని చెరువులోకే మార్చాం. ఆ రోజుల్లో పొద్దునపూట దాని దగ్గరనుంచి నా ఫోనుకి కబురొచ్చేది, నీరు బాగుంది అని. ఆమెని ఊరికి తీసుకెళ్ళిన రోజు పొద్దున కూడా వచ్చింది.

తరువాత విచారణ జరిగింది. మీటరు సరిగా పనిచేసిందనీ, మోటారు సరిగా తిరిగిందనీ, స్థానిక సిబ్బంది నిర్వహణలో లోపం ఉందనీ తేల్చారు. స్థానిక సిబ్బంది అంటే లస్కరు. కోడలు పోయిన రెండో నెలలో ఆయన్ని తూము దగ్గరనుంచి తప్పించారు. తేల్చారు, తప్పించారు అని ఎవరో చేసినట్టు చెబుతున్నాను గానీ, ఆ నివేదిక మీద మూడో సంతకం నాది. చెరువు మునుపటికంటే త్వరగా నిండింది కాబట్టి ప్రయోగం విజయమైంది.

ఆనాటినుంచి నాకు మనశ్శాంతి లేదు. ఈ మాట ఇంత సూటిగా ఎక్కడా చెప్పలేదు, ఇంట్లో కూడా. ఫ్రిజ్ తలుపు తీస్తే నల్లటి డికాషన్ సీసా కనబడేది, వెంటనే తలుపు వేసేసేదాన్ని. కాఫీ మానేశాను, ఎసిడిటీ అని చెప్పాను. మా స్టాఫులో ఎవరైనా కడుపుతో ఉంటే, నువ్వు ఏ నీళ్ళు తాగుతున్నావు, ఎక్కడ తాగుతున్నావు అని పోలీసులా వెంటపడతాను. తెలియని నంబరు నుంచి ఆడగొంతు "మేడమ్ గారూ" అంటే, ఒక్క క్షణం ఆ అమ్మాయే అనుకుంటాను. ప్రతిసారీ అనుకుంటాను. నేను ఫోన్లో నవ్వడం మానేశానని మా ఇంట్లోవాళ్ళు ఈమధ్యే కనిపెట్టారు, వయసు మీదపడుతోందన్నారు.

వేసవిలో కాలువకి మొదటి నీళ్ళు వదిలిన రోజు మరీ కష్టం. ఆ రోజు కాలువ గట్టు మీదుగా ఆటోలో కాలేజీకి వెళ్తుంటే, నురగా చెత్తా తోసుకుంటూ నల్లటి నీళ్ళు మెల్లగా కిందికి కదులుతూ కనబడతాయి. రేపు పొద్దునకి ఏ ఊరు దాటతాయి, ఎల్లుండికి ఏ ఊరు చేరతాయి అని నా బుర్ర లెక్క కట్టడం మొదలుపెడుతుంది. ఒకసారి ఆటో ఆపించి, రెయిలింగు మీద వంగి వాసన చూశాను. వాంతి వస్తోందా అమ్మా అని అడిగాడు ఆటో అతను. అవునన్నాను.

ఏడాదికొకసారి ఆ ఊరు వెళ్ళి లస్కరుని చూసి వచ్చేదాన్ని. పళ్ళు పట్టుకెళ్ళేదాన్ని. ఆయన మజ్జిగ ఇచ్చేవారు. వానల గురించి, ధాన్యం గురించి, నా మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళం. కోడలి మాట ఆయన ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. ఆయన్ని పలకరించడానికి వెళ్తున్నానని నాకు నేను చెప్పుకునేదాన్ని. నిజానికి, తప్పంతా నాదని ఆయనకి తెలియలేదు కదా అని చూసుకోడానికే వెళ్ళేదాన్ని.

గడువు వారంలో మొదటి మూడు రోజులు విజయమే రాశాను. చక్కగా వచ్చింది కూడా. నాలుగో రోజు పొద్దున చదువుకుంటే, ఎవరో దొంగ రాసినట్టుంది. చింపేశాను. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. లస్కరు ఆపమన్నారు, నేను ఆపలేదు. ఆయన మూడు రోజులు ఆగడం వృథా కాదు, దాన్ని మించిన పరీక్ష మా దగ్గర లేదు. నిర్వహణ లోపం అన్న మాట అబద్ధం. ఒకామె చనిపోయింది. ఇకమీదట దేశం పరిశోధన చేయాల్సింది చెరువు ఎంత త్వరగా నింపాలా అని కాదు. పైవాళ్ళ మురుగు ఎండు కాలువలో పడకుండా ఎలా ఆపాలి, ఆపేదాకా తొలినీళ్ళు ఎన్నాళ్ళు వదిలెయ్యాలి అన్నది. ఏ కొత్త యంత్రం పెట్టినా, వద్దు అనే హక్కు ఊళ్ళో మనిషికి ఉండాలి.

అన్నీ రాశాను, ఫోను సంగతి తప్ప. అది శాస్త్రానికి సంబంధించింది కాదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నేను దేనికి నవ్వానో నాకు కాక తెలిసింది ఆ అమ్మాయి ఒక్కతే, ఆమె ఇప్పుడు లేదు.

అధ్యక్షులవారికి ఫోన్లో చదివి వినిపించాను. ఇది వెళితే ముందుగా పోయేది మీ పరువేనమ్మా, కాలేజీ కూడా మీ వెనక నిలబడదు అన్నారు. మీరు పంపిస్తే మాత్రం నేను దాచను, మీ ఇష్టం అని కూడా అన్నారు. ఆ మనిషిలో ఇంత ఉందని నాకు తెలియదు.

పంపించేముందు లస్కరుకి చదివి వినిపించాలని, ఆరో రోజు పొద్దున్నే బస్సెక్కాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఇత్తడి చెంబు. మోటారు చెడిపోయి చాలాకాలమైంది, ఊరు మళ్ళీ మూడు రోజుల పద్ధతికి వచ్చేసింది. కొత్త లస్కరు నీళ్ళొచ్చే రోజుల్లో చెంబు తెచ్చి ఈయన ముందు పెట్టి, మీరొకసారి చూడండి బాబాయ్ అంటాడట. ఉద్యోగం పోయినా ముక్కు పోలేదండీ అన్నారు.

ఎందుకొచ్చానో చెప్పి, కాగితాలు తీసి చదివాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నిర్వహణ లోపం అబద్ధమన్న వాక్యం దగ్గర చెయ్యెత్తి, ఆ ముక్క మళ్ళీ చదవమన్నారు. చదివాను. తలాడించారు. చివరిదాకా వచ్చాక నాకు ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. ఇన్నాళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాను.

ఆయన కళ్ళు తెరిచారు.

"సీసా సంగతి రాయలేదేవండీ?"

మీకెలా తెలుసన్నాను. ఆ రోజు కోడలు ఫోను చేసింది ఈ అరుగు మీద కూర్చునేనట. మావయ్య గారూ, మీరూ వినండి అని స్పీకరు పెట్టిందట. అంటే ఇన్నేళ్ళూ, నేను పళ్ళు తెచ్చిన ప్రతిసారీ, మజ్జిగ తాగిన ప్రతిసారీ, నా నవ్వు ఆయన చెవుల్లో ఉంది. మరి ఎందుకు అడగలేదండీ అన్నాను. మీరే చెబుతారని చూస్తన్నానండీ అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేదాన్ని.

ఆయన చెంబు పక్కకి జరిపి, నా వైపు చూడకుండా, మెల్లగా చెప్పారు.

"మీరు ఇంకోటి చెయ్యమన్నారు గదండీ. చేసింది. ఈసారి బియ్యంలో పెట్టలా. పాత దుప్పటి ఉతికి, ఆరేసి, అందులో చుట్టి పెట్టింది. అదీ నల్లబడిందండీ. మేడమ్ గారికి చెప్పమ్మా అన్నాను. వద్దు మావయ్య గారూ, నాకు చేతగాక ఇట్టా వస్తంది, ఆవిడ మళ్ళీ నవ్వుతారు అంది. ఆ నీళ్ళే తాగాం అందరం."

నేను ఏడ్చాను. ఆయన ఆపలేదు, ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా అలాగే కూర్చున్నారు. తరువాత, "రెండు సీసాలని రాయండి. ఒకటి కాదు" అన్నారు.

ఆ కాగితం అంచునే రాశాను. ఆమె ఫోను చేసిందనీ, నేను నవ్వాననీ, రెండో సీసా నల్లబడినా నాకు చెప్పడానికి సిగ్గుపడిందనీ రాశాను. ఒళ్ళో పెట్టుకుని రాయడంతో అక్షరాలు కుదురుగా రాలేదు. ఆయన కాగితం ఇటివ్వమని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వంకరగా ఉన్న ఆ వరసల మీద వేలు పెట్టి, మా పిల్ల మాట ఇదేనాండీ అని అడిగారు. అదేనండీ అన్నాను.